గుంటూరు డాబా మీద గ్రీన్‌హౌస్: ఫ్యాన్ తిరుగుతున్నా లోపల 44 డిగ్రీలు, గాలి ఆడాలంటే ఏం మార్చాలి?

లక్ష్మీపురం_మిద్దెతోట

నమస్కారమండీ. గుంటూరులో మా డాబా మీద చిన్న గ్రీన్‌హౌస్ ఉంది. పొడవు 12 అడుగులు, తూర్పు పడమరలుగా. వెడల్పు 10 అడుగులు. పక్కలు 7 అడుగులు, కొప్పు దగ్గర 9 అడుగులు. జీఐ పైపుల ఫ్రేము, 200 మైక్రాన్ల యూవీ పాలీషీటు. పైకప్పు కింద, లోపలి వైపున 50 శాతం ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి ఉంది.

గాలికి ఉన్న దారులు ఇవీ. పడమటి వైపు తలుపు: రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, దానికీ షీటే. ఆ తలుపు పైనే 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్. దక్షిణం వైపు 2 అడుగులకు 2 అడుగుల నెట్ కిటికీ ఒకటి. ఆ దక్షిణం పక్కకు అడుగున్నర దూరంలోనే మూడున్నర అడుగుల పిట్టగోడ. ఉత్తరం, తూర్పు పూర్తిగా మూసి ఉన్నాయి.

గ్రో బ్యాగుల్లో క్యాప్సికం, టమాటా, కీరా, పుదీనా, ట్రేలలో మిర్చి నారు. మార్చి మధ్యలో బయట 35 ఉంటే లోపల మధ్యాహ్నానికి 44 చూపిస్తోంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున షీటు నుంచి మొక్కల మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారతాయి. ఇప్పుడు కీరా ఆకుల మీద బూడిద తెగులు, క్యాప్సికం పూత నిలవడం లేదు.

18 అంగుళాల ఫ్యాన్ వేస్తే సరిపోతుందా? ఫ్యాక్టరీల కప్పుల మీద తిరిగే టర్బో వెంటిలేటర్ పెట్టమని ఒకరు, ఫాగర్లు (నీటిని పొగమంచులా చిమ్మేవి) పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏది ముందు చెయ్యాలి? ఫ్రేము విప్పకుండా అయ్యే మార్పులైతే మేలు.


బెజవాడ_పాలీహౌస్

ఫ్యాన్ జోలికి ఇప్పుడే పోకండి. మీ ఫ్యాన్ లాగుతూనే ఉంది, లాగడానికి దానికి గాలే అందడం లేదు. అందిన ఆ కాస్త కూడా కిందున్న తలుపు సందుల్లోంచి దూరి నేరుగా పైకి వెళ్ళిపోతోంది. తూర్పు సగంలో గాలి కదలనే కదలదు.

నమ్మకం కుదరాలంటే ఒక అగరుబత్తి చాలు. మధ్యాహ్నం తలుపు వేసి, ఫ్యాన్ ఆన్ చేసి, తూర్పు మూలలో మొక్కల ఎత్తులో పట్టుకోండి. పొగ నిట్టనిలువుగా లేచి కప్పు దగ్గర గూడు కట్టుకుంటే అక్కడికి ఫ్యాన్ లాగుడు చేరడం లేదని అర్థం. అదే అగరుబత్తి తలుపు సందు దగ్గర పెడితే పొగ ఫ్యాన్ వైపుకు జర్రున పోతుంది. ఏ మార్పు చేసినా మళ్ళీ ఇదే పరీక్ష, అవే చోట్ల.

18 అంగుళాలది వేస్తే ఏమవుతుందంటే, లోపలికి దారి లేక షీటునే లోపలికి పీలుస్తుంది. షీటు పైపుల మీద కొట్టుకుని, స్ప్రింగు పట్టిన అంచు దగ్గర చిరుగుతుంది. కరెంటు ఎక్కువ కాలుతుంది, వేడి మాత్రం అంతే.

ముందు వేడి లెక్క చూడండి. ఈ నెలల్లో మధ్యాహ్నం చదరపు మీటరుకు 900 నుంచి 1,000 వాట్ల ఎండ పడుతుంది. మీ నేల 120 చదరపు అడుగులు, అంటే 11 చదరపు మీటర్లు. షీటు ఆపింది పోగా 8 కిలోవాట్లకు పైగా లోపలికి దిగుతుంది. రెండేసి కిలోవాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి వేసి ఉంచినట్టు. ఇక గాలి: మీ గ్రీన్‌హౌస్‌లో పట్టేది సుమారు 960 ఘనపుటడుగులు. నిమిషానికి ఒకసారి గాలంతా మారాలంటే 960 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) కావాలి. అంత గాలి ఒక డిగ్రీ వేడెక్కి బయటికి పోతే మోసుకెళ్ళేది అర కిలోవాటు. అంటే నిమిషానికోసారి గాలి మారినా, 8 కిలోవాట్ల ఎండకు బయటికంటే 16 డిగ్రీలు పెరగాలి. షీటు గుండా కొంత వేడి బయటికి పోతుంది, మొక్కలు నీటిని ఆవిరి చేస్తూ కొంత తీసుకుంటాయి కాబట్టి అంత పెరగదు. కానీ ఒక్క ఫ్యాన్‌తో ఇది తేలే పని కాదని మాత్రం తెలుస్తుంది. ఎండను షీటు దాటకముందే సగం ఆపితే లెక్క 8 డిగ్రీలకు దిగుతుంది. లోపల నిండా మొక్కలుంటే 3, 4 డిగ్రీల తేడాతో సరిపెట్టుకోవచ్చు.

కాబట్టి మొదటి పని షేడ్‌నెట్. అది లోపల ఉండటమే తప్పు. ఎండ షీటు దాటి వచ్చాక నెట్‌ను వేడెక్కిస్తే, ఆ వేడంతా లోపలి గాలికే చేరుతుంది. పైగా వేడిగాలి కొప్పు వైపు లేవకుండా ఆ నెట్ అడ్డం. దాన్ని విప్పి షీటు పైన అడుగు నుంచి అడుగున్నర ఎత్తులో, నాలుగు మూలలా పైపులు లేపి, తీగల మీద పరవండి. షీటుకు తగిలేలా పరిస్తే సగం లాభం పోతుంది, మధ్యలో గాలి ఆడే ఖాళీ ఉండాలి. పడమటి వైపు రెండడుగులు ముందుకు జారేలా వేలాడదీస్తే మధ్యాహ్నం మూడు దాటాక వచ్చే ఏటవాలు ఎండ కూడా ఆగుతుంది. కొత్తది కొనేపనైతే ఆకుపచ్చ కంటే తెలుపు లేదా అల్యూమినియం పూత నెట్ మంచిది, అవి ఎండను పీల్చుకోకుండా వెనక్కి కొడతాయి.

రెండోది, ఫ్యాన్‌ను పడమర నుంచి తీసి తూర్పు గోడ పైభాగానికి మార్చండి. పడమటి తలుపుకు షీటు బదులు 40 మెష్ (అంగుళానికి 40 రంధ్రాల) నెట్ వెయ్యండి. ఫ్రేము పోగా 12 చదరపు అడుగుల దారి దొరుకుతుంది. గాలి పడమర కింద దూరి, మొక్కల మధ్యగా 12 అడుగులూ నడిచి, తూర్పు పైన బయటికి పోతుంది. మే నెల వడగాలీ, ఆ తర్వాత నైరుతి గాలీ పడమటి వైపు నుంచే వస్తాయి. ఇప్పుడున్న చోట ఫ్యాన్ ఆ గాలికి ఎదురీదాలి, తూర్పుకు మారిస్తే అదే గాలి సాయం పడుతుంది.

మూడోది పక్కలు. ఉత్తరం వైపు కింద 2 అడుగులు షీటు అలాగే ఉంచి (నీళ్ళు చిమ్మకుండా), 2 నుంచి 7 అడుగుల దాకా 12 అడుగుల పొడవునా నెట్ వేసి, దాని మీద చుట్టుకునే షీటు కర్టెన్ పెట్టండి. దక్షిణం వైపు అలా చెయ్యొద్దు. అడుగున్నర దూరంలో మూడున్నర అడుగుల పిట్టగోడ ఉంటే దాని వెనుక కింది భాగానికి గాలి సోకదు, మీ కిటికీ పని చెయ్యకపోవడానికి అదీ ఒక కారణం. అక్కడ మూడున్నర అడుగుల ఎత్తు నుంచి 7 దాకా తెరవండి.

కర్టెన్ వివరం: పై అంచు అల్యూమినియం ప్రొఫైల్‌లో (షీటు పట్టే గాడి పట్టీ) జిగ్‌జాగ్ స్ప్రింగుతో బిగించాలి. కింది అంచు ముప్పావు అంగుళం జీఐ పైపుకు ప్లాస్టిక్ క్లిప్పులతో పట్టించాలి, అడుగుకొక క్లిప్పు. పైపు ఒక చివర చేతితో తిప్పే వైండర్. బయట నుంచి నైలాన్ తాడు జిగ్‌జాగ్‌గా కట్టకపోతే మొదటి ఈదురు గాలికే కర్టెన్ బుడగలా ఉబ్బి పైపు వంగుతుంది. నెట్ లోపలి వైపు శాశ్వతంగా ఉండాలి, షీటు బయట నుంచి చుట్టుకోవాలి. షీటు ఆనే పైపులన్నిటికీ తెల్ల పెయింటు వెయ్యండి. ఎండకు కాలిన పైపు మీద ఆనిన చోటే షీటు ముందు పెళుసెక్కి చిరుగుతుంది.

నాలుగోది కొప్పు. వేడిగాలి చేరేది అక్కడే, మీకు అక్కడ దారే లేదు. కొప్పుకు అటు 9 ఇటు 9 అంగుళాల చొప్పున, ఆ చివర నుంచి ఈ చివర దాకా షీటు కోసి నెట్ వెయ్యండి. 18 చదరపు అడుగుల దారి ఏర్పడుతుంది. దాని పైన అడుగు ఎత్తులో 4 అడుగుల వెడల్పున టోపీలా ఇంకో చిన్న కప్పు. పైపులు ఆటోనగర్‌లో వంచించుకోవచ్చు. టోపీ రెండు వైపులా 15 అంగుళాలు ముందుకు ఉంటుంది కాబట్టి మామూలు వాన లోపల పడదు. టోపీ కింది సందు రెండు వైపులా కలిపి 24 చదరపు అడుగులు వస్తుంది. ఆ సందు కోత కంటే తక్కువైతే పైన మళ్ళీ గొంతు పట్టినట్టే, అందుకే అడుగు ఎత్తు తగ్గించొద్దు.

టర్బో వెంటిలేటర్ సంగతి కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. 24 అంగుళాల టర్బో గొంతు వైశాల్యం 3 చదరపు అడుగుల చిల్లర. గాలి ఆగిన మధ్యాహ్నం అది తిరగదు, అప్పుడది 3 చదరపు అడుగుల రంధ్రమే. దానికంటే 18 చదరపు అడుగుల కొప్పు దారి ఎన్నో రెట్లు నయం.

చివరగా ఒకటి గట్టిగా చెప్తాను. పక్కలు తెరిచి ఫ్యాన్ వెయ్యకండి. పక్కలు తెరిచి ఉంటే ఫ్యాన్ తన పక్కనున్న నెట్ నుంచే లాక్కుంటుంది, పడమటి మొక్కలకు ఏమీ అందదు. గాలి ఉన్న రోజు పక్కలు, కొప్పు తెరిచి ఫ్యాన్ ఆపాలి. వాన పడుతుంటేనో, గాలి పూర్తిగా స్తంభిస్తేనో పక్కలు దించి, కొప్పు దారి మీద షీటు ముక్క లాగి, తలుపు నెట్ గుండా ఫ్యాన్ నడపాలి. దక్షిణం తెరిచింది 42 చదరపు అడుగులు. గాలి సెకనుకు అర మీటరు కదిలినా, నెట్ అడ్డు వల్ల తగ్గేది లెక్కలోంచి తీసేసినా, 1,200 సీఎఫ్ఎం దాకా లోపల తిరుగుతుంది. మీ ఫ్యాన్ కంటే అదే ఎక్కువ. ఫిబ్రవరి నుంచి సాయంత్రాలు వచ్చే పైరగాలికి దక్షిణం వైపు తెరిచి ఉంచితే చాలు.


లక్ష్మీపురం_మిద్దెతోట

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. అగరుబత్తి పరీక్షలో పొగ మీరు చెప్పినట్టే తూర్పు మూలలో కదల్లేదు. రెండు అనుమానాలు. మిర్చి నారు ఉంది కాబట్టి తామర పురుగు భయం, 40 మెష్ సరిపోతుందా? ఇంకా సన్న నెట్ వెయ్యాలా? రాత్రిళ్ళు కొప్పు మూసెయ్యాలా?


మొక్క_తెగులు

నెట్ గురించి ముందు. 40 మెష్ రంధ్రం సుమారు 0.4 మిల్లీమీటర్లు. రెక్కల పురుగులు, పేనుబంక, తెల్లదోమల్లో చాలా భాగం ఆగుతాయి. తామర పురుగు ఆగదు, దాన్ని పూర్తిగా ఆపాలంటే రంధ్రం 0.2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 2021లో గుంటూరు మిర్చిని నాశనం చేసిన నల్ల తామర పురుగు సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే, కాబట్టి మీ భయం న్యాయమైనదే. కానీ అంత సన్న నెట్ గ్రీన్‌హౌస్ మొత్తానికీ వేస్తే పైన చెప్పిన గాలి లెక్కంతా తలకిందులవుతుంది. 40 మెష్‌కే గాలి దాదాపు సగం తగ్గుతుంది, సన్నబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది.

కాబట్టి గ్రీన్‌హౌస్‌కు 40 మెష్ వేసి, నారు ట్రేలకు మాత్రం విడిగా సన్న నెట్ పెట్టె చేసుకోండి. 3 అడుగులకు 2 అడుగుల బల్ల మీద రెండడుగుల ఎత్తు ఫ్రేము, ఐదు వైపులా నెట్. నారు తక్కువ ఎత్తు కాబట్టి లోపల పెద్దగా వేడి నిలవదు. నీలం జిగురు అట్టలు రెండు తలుపు దగ్గర, పసుపువి రెండు మొక్కల మధ్య వేలాడదీస్తే ఏ పురుగు లోపలికి వస్తోందో తెలుస్తుంది. మిర్చి ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. ఈ తేడా చూసుకోకుండా మందు కొట్టొద్దు. గాలి ఆడక, వేడి, పొడి కలిసిన మూలల్లో ఎర్ర నల్లి కూడా చేరుతుంది, ఆకు వెనుక సన్న గూడు చూడండి.

నెట్ దుమ్ము సంగతి చాలామంది మర్చిపోతారు. మన ఊళ్ళ దుమ్ముకు రెండు నెలల్లో రంధ్రాలు పూడిపోయి, నెట్ బట్టలా తయారవుతుంది. నెలకొకసారి లోపలి నుంచి బయటికి పైపుతో నీళ్ళు కొట్టి కడగండి. బయటి నుంచి కొడితే దుమ్ము మొక్కల మీద పడుతుంది.

రాత్రి విషయం: కొప్పు మూయొద్దు. జనవరిలో కూడా మన దగ్గర రాత్రి చలికి క్యాప్సికం, టమాటా చచ్చిపోవు. మూసి వేడి దాచుకోవాల్సిన అవసరమే ఇక్కడ లేదు. మూసేస్తే మొక్కలు, తడి మట్టి వదిలిన ఆవిరి అంతా లోపలే ఉండిపోతుంది. తెల్లవారుజామున ఆకాశం వైపు వేడి వదిలి షీటు చల్లబడుతుంది, ఆవిరి దాని మీద నీరై మీరు చెప్పినట్టు చుక్కలు కారుతుంది. కప్పు ఏటవాలు తక్కువగా ఉంటే ఆ నీరు అంచు దాకా జారదు, మధ్యలోనే పడుతుంది. పది అడుగుల వెడల్పుకు రెండడుగులే లేచింది మీది, కాబట్టి కారడం ఖాయం. ఏటవాలు మార్చడం కష్టం, కొప్పు తెరిచి ఉంచడం సులువు. సాయంత్రం నీళ్ళు పెట్టడం మానేసి ఉదయం 9 లోపు పెట్టండి. డాబా నేల తడపకండి.

ఆకు తడి ఎంతసేపుంటే బూజు తెగులు, ఆకు మచ్చలు అంత బలపడతాయి. బూడిద తెగులు వేరు. దానికి ఆకు తడి అక్కర్లేదు, నీడ, కదలని తేమ గాలి చాలు. అందుకే అది ముందు కీరాలో కనిపించింది: పెద్ద ఆకులు ఒకదాని మీద ఒకటి పడి మధ్యలో గాలి ఆగిపోతుంది. కీరాను తాడు మీద ఒకే కాండంగా పైకి పాకించి, కింది అడుగున్నరలో ఆకులు తీసెయ్యండి. బ్యాగుల మధ్య అడుగున్నర ఖాళీ ఇవ్వండి. గంధకం పొడి మందు కొట్టాలనుకుంటే ఎండ ఎక్కువున్నప్పుడు వద్దు, 32 డిగ్రీలు దాటితే ఆకు మాడుతుంది, కీరా జాతికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

క్యాప్సికం పూత గురించి ఉన్న మాట చెప్పాలి. పగలు 32 నుంచి 35 దాటినా, రాత్రి 24 దాటినా పిందె కట్టడం పడిపోతుంది. గుంటూరులో ఏప్రిల్ చివరికి బయటే రాత్రి అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఎంత గాలి ఆడించినా లోపలి గాలి బయటి గాలి కంటే చల్లబడదు కాబట్టి వేసవిలో క్యాప్సికం ఆశ పెట్టుకోవద్దు. సెప్టెంబరు, అక్టోబరులో నాటితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా కాస్తుంది.


వైరింగ్_మాస్టర్

ఆ 44 డిగ్రీలు ముందు సరిచూసుకోండి. థర్మామీటరు మీద ఎండ పడుతుంటే అది గాలి వేడి చూపించదు, తన వేడి చూపిస్తుంది. నాలుగైదు డిగ్రీలు తేలిగ్గా ఎక్కువ చూపుతుంది. తెల్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అడుగున, పక్కల రంధ్రాలు చేసి, మొక్కల ఎత్తులో వేలాడదీసి అందులో పెట్టండి. వేడిని బట్టి ఫ్యాన్ వేసి ఆపే థర్మోస్టాట్ ప్రోబు కూడా అందులోనే ఉండాలి, లేకపోతే ఫ్యాన్ ఎండను చూసి తిరుగుతుంది.

ఫ్యాన్ కొనేటప్పుడు అంగుళాలు కాదు, పెట్టె మీద రాసిన గాలి డెలివరీ చూడండి. ఎక్కువగా సీఎంహెచ్‌లో (గంటకు ఘనపు మీటర్లు) రాస్తారు, 1 సీఎఫ్ఎం అంటే 1.7 సీఎంహెచ్. ఆ అంకె ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటిది. షట్టరు, నెట్ వచ్చాక పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. మీకు 960 సీఎఫ్ఎం నిజంగా కావాలంటే పెట్టె మీద 2,300 సీఎంహెచ్ దరిదాపుల్లో ఉండాలి. ఒకే పెద్ద ఫ్యాన్ కంటే 12 అంగుళాలవి రెండు మేలు. ఒకటి చెడినా ఇంకొకటి నడుస్తుంది, రెండు దశల్లో వేసుకోవచ్చు. ఇప్పటి ఫ్యాన్ ఎలాగూ ఉంది కాబట్టి రెండోది దాని జంట అవుతుంది. ఫ్యాను రింగు బయటి ముఖానికి గురుత్వంతో పడే షట్టరు తప్పనిసరి. లేకపోతే ఆగినప్పుడు వానజల్లు మోటారు మీద పడుతుంది. ఒక ఫ్యానే తిరిగేటప్పుడు రెండో దాని రంధ్రంలోంచి గాలి వెనక్కి వస్తుంది, ఆ షట్టరు దాన్ని కూడా ఆపుతుంది.

కంట్రోలుకు ఎస్‌టీసీ-1000 అనే థర్మోస్టాట్ చాలు. సెట్టింగులు ఇవీ: ఎఫ్1 కావాల్సిన వేడి, ఎఫ్2 తేడా, ఎఫ్3 ఆలస్యం నిమిషాల్లో, ఎఫ్4 సెన్సారు సవరణ. మార్చిలో ఎఫ్1 30, ఎఫ్2 2, ఎఫ్3 3 పెట్టండి: 32 దగ్గర ఫ్యాన్ మొదలై 30 దగ్గర ఆగుతుంది. ఫ్యాన్‌ను కూలింగ్ వైపు రిలేకు కలపాలి. అది స్విచ్ లాంటిది మాత్రమే, దానంతట కరెంటు ఇవ్వదు, ఫేజ్ మీరే దాని గుండా తిప్పాలి. చాలామంది ఇక్కడే తికమకపడి హీటింగ్ వైపు కలిపేస్తారు, ఫ్యాన్ చల్లగా ఉన్నప్పుడు తిరిగి వేడిగా ఉన్నప్పుడు ఆగిపోతుంది. మేలో ఎఫ్1 30 అలాగే ఉంచితే ఫ్యాన్ రాత్రీ పగలూ ఆగదు, 35కు పెంచండి.

తడి చోటు, ఇనుప ఫ్రేము, డాబా. ఇంతకంటే షాకు కొట్టే చోటు ఇంట్లో ఉండదు. ఈ లైనుకు విడిగా 6 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసేది) పెట్టాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబులు వాడండి, ఎర్తు ఫ్యాన్ బాడీకీ, గ్రీన్‌హౌస్ ఫ్రేముకూ రెండింటికీ కలపాలి. నీళ్ళు దూరని ఐపీ65 డబ్బాలోకి వైర్లు కింది నుంచే రావాలి, డబ్బా ముందు వైరును ఒకసారి కిందికి వంచితే నీరు అక్కడే కారిపోతుంది. ఆర్‌సీసీబీ టెస్ట్ మీట నెలకోసారి నొక్కి చూడండి.

ఇంకొకటి: ఎగ్జాస్ట్ కాకుండా లోపలే గాలి తిప్పే చిన్న ఫ్యాన్ ఒకటి, 9 అంగుళాలది చాలు. దక్షిణపు పొడవు వెంట, మొక్కల తలల మీదుగా అడుగు ఎత్తులో, తూర్పు వైపు చూసేలా పెట్టండి. ఆకులు మెల్లగా ఊగితే చాలు. ఆకులు రెపరెపలాడితే ఎక్కువైనట్టు, అంచులు ఎండుతాయి. రాత్రి 3 నుంచి ఉదయం 7 దాకా టైమరుతో వేస్తే ఆకు తడి నిలవదు.


నారుమడి_తాడేపల్లి

పై ముగ్గురూ చెప్పింది సరే. నా అభిప్రాయం మాత్రం వేరు: ఏప్రిల్ మొదటి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఆ కప్పు షీటు అక్కర్లేదు. షీటు ఉన్నది వానను ఆపడానికి. ఆ రెండున్నర నెలలు ఆపడానికి వానే ఉండదు, అకాల వర్షం ఒకటి రెండు పడినా మొక్కకు నష్టం లేదు. మీది ప్రొఫైల్, స్ప్రింగు బిగింపైతే ఇద్దరు మనుషులు పూటలో షీటు విప్పి నీడలో చుట్టి పెట్టొచ్చు. ఆ స్థానంలో కప్పుకు 40 మెష్ నెట్, దాని పైన షేడ్‌నెట్. రోహిణి కార్తెలో కూడా లోపల వేడి బయటికి సమానంగా ఉంటుంది. షీటుకు కూడా ఆయుష్షు పెరుగుతుంది. వైండర్లూ కొప్పు టోపీ ఒకేసారి చేయించలేకపోతే ఈ ఏడాదికి ఇదొక్కటి చేసినా చాలు.

ఫాగర్ల సంగతి. నీటి ఆవిరితో ఎంత చల్లబడుతుందన్నది గాలి ఎంత పొడిగా ఉందన్నదాని మీద ఉంటుంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే తడిబట్ట చుట్టిన థర్మామీటరు 27 చూపిస్తుంది. కూలర్లలో ఉండే తడి ప్యాడ్ లాంటిది ఆ తేడాలో నాలుగింట మూడొంతులు తగ్గించగలదు, అంటే 31 దాకా. అదే ఆగస్టులో 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే తడిబట్ట 29 చూపిస్తుంది. మహా అయితే 3 డిగ్రీలు తగ్గి, లోపల తేమ 90 దాటుతుంది, తెగుళ్ళకు మనమే పీట వేసినట్టు. కాబట్టి ఫాగరు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా, ఉదయం 11 నుంచి సాయంత్రం 4 మధ్యనే, అదీ కొప్పు, పక్కలు తెరిచి.

నాలుగు ముక్కుల ఫాగరుకు 3 నుంచి 4 కేజీల ఒత్తిడి కావాలి. డాబా ట్యాంకు నుంచి నేరుగా కలిపితే అది పొగమంచు కాదు, చినుకులు. ఆకులు తడిసి కూర్చుంటాయి. చిన్న బూస్టరు పంపు, ముందు 120 మెష్ ఫిల్టరు, టైమరు మీద 20 సెకన్లు ఆన్, 10 నిమిషాలు ఆఫ్. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ముక్కులు తెల్లగా పట్టేస్తాయి, ఆకుల మీద కూడా తెల్ల పొర మిగులుతుంది. మున్సిపల్ నీళ్ళో, వాన నీళ్ళో ఉంటేనే ఈ ఆలోచన.


లక్ష్మీపురం_మిద్దెతోట

ఏప్రిల్‌లో షీటు తీసి నెట్ వేస్తాను. ఫ్యాన్, తలుపు ఈ వారమే మార్పిస్తాను. జూన్‌లో షీటు మళ్ళీ వేసేటప్పుడు కొప్పు టోపీ చేయిస్తే డిసెంబరు తుఫానులకు ఆ టోపీ, పక్కల నెట్ ఇబ్బంది అవుతాయా? ఫ్రేమును డాబాకు బోల్టులు వేసి బిగించలేదు, స్లాబు కారుతుందని భయం.


బెజవాడ_పాలీహౌస్

బోల్టులు వెయ్యకపోవడం సబబే, కానీ ఇటుకలో, సిమెంటు దిమ్మెలో పెట్టి వదిలెయ్యొద్దు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్‌లో గాలి గంటకు 100 కిలోమీటర్ల దాకా వీచింది. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల ఒత్తిడి. మీ కప్పు 11, 12 చదరపు మీటర్లు, అంటే పైకి లాగే బలం 500 కిలోలు దాటొచ్చు. మూలకొక 25 కిలోల దిమ్మె దాన్ని పట్టలేదు. ఫ్రేము అడుగున చుట్టూ చదరపు పైపు వెల్డు చేయించి, నాలుగు మూలల నుంచి స్టీలు తాడు, టర్న్‌బకిల్‌తో (తాడును బిగించే మర) పిట్టగోడ మూల పిల్లర్లకు కట్టించండి. ఇటుక గోడకు కాదు, పిల్లరుకే.

అసలు ప్రమాదం ఒక వైపే తెరిచి ఉండటం. గాలి వచ్చే వైపు తెరిచి, పోయే వైపు మూసి ఉంటే లోపల ఉబ్బి కప్పును లేపేస్తుంది. కాబట్టి మామూలు ఈదురు గాలికి అన్నీ మూయాలి, కొప్పు దారి మీద కూడా షీటు ముక్క లాగాలి. తుఫాను హెచ్చరిక వస్తే మూయడం కాదు, విప్పడమే. ముందు షేడ్‌నెట్, తర్వాత టోపీ షీటు, ఆ తర్వాత కప్పు షీటు. నెట్లు పక్కల ఉన్నా పరవాలేదు, గాలి వాటి గుండా పోతుంది. ఫ్యాన్ల ఎంసీబీ దించి, గ్రో బ్యాగులు పిట్టగోడ మూలకు చేర్చండి. ఈ పని వాన మొదలవకముందే, పగటి వెలుతురులో అయిపోవాలి. తడిసిన షీటు గాలిలో ఇద్దరికి ఆగదు.

విప్పిన స్ప్రింగులన్నీ ఒక డబ్బాలో వేసి పొడిగా ఉంచండి. మళ్ళీ బిగించేటప్పుడు ప్లాస్టిక్ పూత లేచిపోయినవి, తుప్పు పట్టినవి పక్కన పెట్టెయ్యండి. పూత పోయిన తీగ షీటును గీరి గీరి అదే గీత వెంట కోస్తుంది.